బయల్దేరకముందే దారి చూసుకోవడం

సైకిల్ మీదో కాలినడకనో వెళ్లే దారిని ముందుగా గీసుకోవడానికి వాడే ఆన్‌లైన్ సాధనాలు ఎన్ని ఉన్నా, వాటి లోపల ఉండేవి మూడే. అడుగున ఒక పటం. ఆ పటం మీద రెండు చోట్ల మధ్య దారి వెతికే లెక్క. వెతికిన దారిని దాచుకుని ఇంకొకరికి పంపడానికి ఒక ఫైలు. పైకి కనిపించే రంగులు, పతకాలు, చప్పట్లు యాప్‌ను బట్టి మారతాయి. పొరపాటు జరిగేది మాత్రం ఎక్కువగా ఈ మూడింటిలో ఏదో ఒకచోటే. పటంలో లేని దారిని లెక్క చూపలేదు. వెళ్లేది సైకిల్ మీదని లెక్కకు చెప్పకపోతే తీసుకెళ్లి లారీల రోడ్డెక్కిస్తుంది. ఫైలుకు బదులు లింకు పంపితే అవతలివాళ్ల ఫోనులో దారి మరోలా తేలుతుంది. అందుకని ఏ యాప్ మంచిదని వాకబు చేయడం కన్నా ఈ మూడూ ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం ఎక్కువ కాలం అక్కరకొస్తుంది. యాప్‌లు చేతులు మారుతుంటాయి. జర్మనీలో 2010లో మొదలై సైకిలిస్టులకు బాగా అలవాటైన కొమూట్ 2025లో బెండింగ్ స్పూన్స్ అనే ఇటలీ కంపెనీ చేతికి వెళ్లింది.

అడుగున ఉన్న పటం

సైకిల్, నడక యాప్‌లలో ఎక్కువ భాగం వాడుకునే పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. బ్రిటన్‌లో 2004లో స్టీవ్ కోస్ట్ దీన్ని మొదలుపెట్టాడు. అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ పటాలు అప్పట్లో డబ్బు కట్టి, షరతులకు ఒప్పుకుని తీసుకోవాల్సినవి. ఎవరి వీధిని వాళ్లే గీసి అందరికీ ఉచితంగా ఇచ్చేస్తే సరిపోతుందన్నది ఆయన ఆలోచన. వికీపీడియాలాగే దీన్నీ రాసేది మామూలు జనమే. మరుసటి ఏడాది, 2005 ఫిబ్రవరిలో, గూగుల్ మ్యాప్స్ వచ్చింది. అది ప్రధానంగా మోటారు వాహనాలను దృష్టిలో పెట్టుకున్న పటం. అమెరికాలో సైకిల్ దారులు చూపడం మొదలుపెట్టడానికే దానికి 2010 మార్చి దాకా పట్టింది.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక్కో దారికి గీతతో పాటు దాని లక్షణాలు కూడా రాసిపెట్టవచ్చు. తారు రోడ్డా, సిమెంటా, కంకరా, మట్టా, మెట్లున్నాయా, గేటు వేస్తారా, సైకిల్‌ను పోనిస్తారా, ఊరి పేరు తెలుగులో ఎలా రాస్తారు, ప్రతిదానికీ వేరే గడి ఉంటుంది. చిక్కంతా ఖాళీ గడులతోనే. గడి ఖాళీగా ఉంటే లెక్క ఊహించుకుంటుంది. గోదావరి జిల్లాల్లో పుంత అనే దారి, తెలంగాణలో బండ్ల బాట అనే దారి పటంలో సన్నని చుక్కల గీతగా కనిపిస్తాయి. నేల ఎలాంటిదో ఎవరూ రాయకపోతే ఎండాకాలం దారీ వానాకాలం దారీ సాఫ్ట్‌వేర్‌కు ఒకటే. నల్లరేగడిలో వాన పడిన మర్నాడు ఆ చుక్కల గీత మీదికి సైకిల్ దింపితే పది గజాలు పోకముందే టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మట్టి బిగుసుకుంటుంది. ఆపైన సైకిల్ మనిషిని మోయదు, మనిషే సైకిల్‌ను మోయాలి.

దీనికి విరుగుడు తేలికే. దారి గీసుకున్నాక ఒకసారి ఉపగ్రహ చిత్రం మీదికి మారి, అనుమానం ఉన్న ముక్కలను పెద్దది చేసి చూడాలి. తారు నల్లగా, మొరం ఎర్రగా కనిపిస్తుంది. చెరువు కట్ట మీద బాట మధ్యలో తెగితే అదీ తెలుస్తుంది. అయితే ఆ చిత్రం ఏడాది రెండేళ్ల కిందటిది కావచ్చు, అంతకన్నా పాతదీ కావచ్చు. కొత్తగా వేసిన వెంచర్, కొత్తగా కట్టిన గోడ అందులో ఉండవు.

దారి వెతికే లెక్క

ఈ లెక్కకు మూలం డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1956లో కనిపెట్టిన పద్ధతి. ఆమ్‌స్టర్‌డామ్‌లో కాబోయే భార్యతో కలిసి బజారుకు వెళ్లి, అలసి, కాఫీ తాగుతూ కూర్చున్న ఇరవై నిమిషాల్లో, కాగితం కలం లేకుండానే అది తన మనసులో రూపుదిద్దుకుందని ఆయనే తర్వాత చెప్పాడు. అచ్చులోకి వచ్చింది 1959లో. పద్ధతి సారాంశం ఇదీ: ప్రతి రోడ్డు ముక్కకూ ఒక ఖర్చు ఉంటుంది; బయల్దేరిన చోటి నుంచి మొదలుపెట్టి, తక్కువ ఖర్చుతో చేరుకోగల కూడలిని ముందు తేల్చుకుంటూ, గమ్యం తగిలేదాకా పోవాలి. నేటి యాప్‌లలో దీనికి ఎన్నో మెరుగులు దిద్దారు గానీ ప్రాణం అదే.

ఆ ఖర్చును దేనితో కొలవాలన్నది యాప్ తయారుచేసినవాళ్లు నిర్ణయిస్తారు. కారుకైతే సమయం. సైకిల్‌కైతే రద్దీ, నేల, ఎత్తు కూడా కలపాలి. కేంబ్రిడ్జ్‌లో పుట్టి 2009 నుంచి నడుస్తున్న సైకిల్‌స్ట్రీట్స్ ఈ సంగతిని దాచకుండా చూపిస్తుంది. ఒకే ప్రయాణానికి అది మూడు జవాబులిస్తుంది: తొందరగా చేర్చేది ఒకటి, రద్దీ లేనిది ఒకటి, రెండిటికీ మధ్యస్థంగా ఇంకొకటి. బ్రౌటర్ అనే ఉచిత సాధనం ఇంకో అడుగు ముందుకు వేసి ఆ ఖర్చుల పట్టికనే వాడేవాళ్ల చేతికిస్తుంది. ఏ రకం రోడ్డుకు ఎంత జరిమానా వేయాలో వాళ్లే మార్చుకోవచ్చు. అంత లోతుకు అందరూ దిగనక్కర్లేదు. యాప్‌లో ఏ వాహనం గుర్తు వెలుగుతోందో చూసుకుంటే చాలు.

ఇక్కడ మన దేశంలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. గూగుల్ మ్యాప్స్‌లో మోటారు సైకిల్ గుర్తుతో కనిపించే ద్విచక్ర వాహన దారులు 2017 డిసెంబరులో భారత్‌లోనే మొదలయ్యాయి. అవి మోటారు బండ్ల కోసం వేసిన లెక్కలు. సైకిల్ మీద వెళ్లేవాళ్లు ఆ గుర్తును నొక్కితే గంట ప్రయాణాన్ని ఇరవై నిమిషాలని చూపిస్తుంది, ఫ్లైఓవర్లెక్కిస్తుంది. ఆ గుర్తు కన్నా నడక గుర్తు పెట్టుకుని, సమయాన్ని మాత్రం సొంతంగా వేసుకోవడం సైకిల్‌కు కొంత నయం. మెట్లు, సందులు, పాదచారుల వంతెనలు తగులుతాయేమో మాత్రం చూసుకోవాలి.

హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. అసలు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను, పాదచారులను రానివ్వరు. దాని పక్కనే సర్వీసు రోడ్లున్నాయి. నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ కూడా ఉంది. ఫోను తెరను వేళ్లతో విప్పకుండా చూస్తే ఇవన్నీ కలిసి ఒకే లావుపాటి గీత. విప్పి చూస్తేనే గీసిన దారి వీటిలో దేని మీద పడిందో తెలుస్తుంది.

దారిని చేత్తో లాగి మార్చేటప్పుడు ఇంకో రెండు రకాల చిన్న తప్పులు దొర్లుతాయి. మధ్యలో ఆగాల్సిన చుక్క కాస్త పక్కకు, ఏ సందులోకో పడితే, లెక్క బుద్ధిగా ఆ సందులోకి వెళ్లి, చుక్కను తాకి, వెనక్కి తిరిగి వస్తుంది. పటం మీద అది చిన్న తోకలా కనిపిస్తుంది. డివైడర్ ఉన్న రోడ్డు మీద చుక్క అవతలి వైపు పడితే తోక కాస్తా కిలోమీటర్లకు పెరుగుతుంది. ముందున్న యూటర్న్ దాకా పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ తిరగాలి కదా. వేసుకున్న దూరం అనుకున్న దానికన్నా ఎక్కువ కనిపిస్తే ముందుగా వెతకాల్సింది ఈ తోకలనే.

ఎత్తు, పల్లం

సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కుడు దారిని అప్పు అంటారు. మాట ఇంగ్లీషు నుంచి వచ్చినా అర్థం తెలుగులోనే బాగా కుదిరింది. వెళ్లేటప్పుడు డౌనులో అనుభవించిన సుఖాన్ని వచ్చేటప్పుడు అప్పుగా తీర్చాల్సిందే, అదీ వడ్డీతో, ఎందుకంటే అప్పటికి ఎండ ముదురుతుంది.

పటానికి ఎత్తులు ఎక్కడి నుంచి వస్తాయన్నది తెలుసుకోదగ్గ విషయం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజుల యాత్రలో రాడార్‌తో భూమిలో అధిక భాగాన్ని కొలిచింది. ఆ లెక్కలే నేటికీ చాలా యాప్‌లకు ఆధారం. వాటిలో సుమారు 30 మీటర్లకో 90 మీటర్లకో ఒక గడి. ఆ గడి మొత్తానికీ ఒకే ఎత్తు. మైదానంలో దీనితో పేచీ లేదు. కొండను తొలిచి వేసిన ఘాట్ రోడ్డు మీద మాత్రం రోడ్డు ఎత్తుకు బదులు పక్కనున్న కొండవాలు ఎత్తో లోయ ఎత్తో పడుతుంది. సాఫీగా ఎక్కే రోడ్డు కాస్తా పటంలో రంపం పళ్లలా తయారవుతుంది. వంతెన మీద వెళ్తుంటే లెక్క నదిలోకి దిగి అవతల గట్టెక్కుతుంది. డెల్టాలో కాలువ గట్టు వెంట సాగే చదును దారికి కూడా ఒకటి రెండు మీటర్ల దోషాలు వేలసార్లు కలిసి, ఎక్కాల్సిన ఎత్తు వందల మీటర్లని తేలవచ్చు. ఒకే దారికి రెండు యాప్‌లు రెండు ఎత్తులు చెప్పడానికి కారణం ఇదే. ఈ దోషాలను చదును చేసే పద్ధతి ఒక్కో యాప్‌ది ఒక్కోలా ఉంటుంది. కాబట్టి మొత్తం ఎత్తు అంకెను అటూఇటూగానే తీసుకుని, వాలు ఎక్కడెక్కడ ఎంతసేపు ఉందో చూడాలి. వంద మీటర్ల దూరానికి 5 మీటర్లు ఎక్కితే వాలు 5 శాతం. మామూలు సైకిల్ మీద 8 శాతం దాటి కిలోమీటరు సాగితే దిగి నడిపించుకోవడంలో తప్పేమీ లేదు.

నడకకు లెక్క వేసుకోవడానికి 1892 నాటి సూత్రం ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పినది: ప్రతి 3 మైళ్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట. మన కొలతల్లో చూస్తే గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా గంట. తిరుమలకు అలిపిరి నుంచి వెళ్లే మెట్ల దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. దూరానికి గంటా నలభై ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఎక్కే ఎత్తు ఆరేడు వందల మీటర్లు, దానికి గంట పైచిలుకు. మొత్తం మూడు గంటలకు దగ్గర పడుతుంది. ఆగి కూర్చునే వేళ, మోకాళ్ల సంగతి, రద్దీ ఇందులో లేవు. శ్రీవారి మెట్టు దారి 2.1 కిలోమీటర్లే, 2,388 మెట్లు. దూరం ఒక్కటే చూస్తే అరగంట పని అనిపిస్తుంది. అంత కొద్ది దూరంలో అన్ని మెట్లంటే అక్కడ సమయం తినేది ఎత్తే. ఆ దారులు ఏ వేళల్లో తెరిచి ఉంటాయో మాత్రం పటంలో కాదు, దేవస్థానం ప్రకటనల్లో చూసుకోవాలి.

పటంలో కనిపించనివి ఇంకా ఉన్నాయి. గాలి అందులో మొదటిది. విశాఖ నుంచి బీచ్ రోడ్డు వెంట భీమిలికి వెళ్లే దారి ఈశాన్యంగా సాగుతుంది. వేసవిలో అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోసిన గాలే తిరుగు ప్రయాణంలో ఎదురు నిలుస్తుంది. అలాంటి చోట సగం దూరానికి సగం బలం అన్న లెక్క చెల్లదు. నీళ్లు దొరికే చోటు, పంక్చరు కొట్టు, నీడ ఉన్న రోడ్డు, బస్సెక్కి వెనక్కి రాగల ఊరు కూడా యాప్ తనంతట తాను చెప్పదు. వీటికి వేరే రంగు పిన్నులు గుచ్చుకోవాలి. వేసవిలో ప్రతి పది పదిహేను కిలోమీటర్లకు ఒక నీళ్ల పిన్ను లేని సైకిల్ దారి ఇంకా పూర్తికాని దారే.

ఫైలు లోపల ఏముంటుంది

దారిని దాచుకునే ఫైళ్లలో అందరికీ తెలిసినది జీపీఎక్స్. 2002 నుంచి ఉన్న ఈ పద్ధతిని దాదాపు ప్రతి యాప్, ప్రతి సైకిల్ కంప్యూటర్ చదవగలవు. దాన్ని మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనిపించేది చుక్కల జాబితా. ఒక్కో చుక్కకు అక్షాంశం, రేఖాంశం, ఉంటే ఎత్తు, ఉంటే సమయం. చార్మినార్ అందులో 17.3616, 78.4747 అని ఉంటుంది. దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె మారితే సుమారు 11 మీటర్ల తేడా. ఐదో అంకె మారితే ఒక మీటరు. ఆరుబయట ఫోను జీపీఎస్ దోషమే ఐదు మీటర్ల దాకా ఉంటుంది కనుక అంతకు మించిన అంకెలు అలంకారమే. అంకెల వరుస మాత్రం ముఖ్యం. కొన్ని ఫైలు పద్ధతుల్లో, ఉదాహరణకు గూగుల్ ఎర్త్ వాడే కేఎంఎల్‌లో, రేఖాంశం ముందు రాస్తారు. చేత్తో ఎక్కించేటప్పుడు ఈ రెండూ తారుమారైతే చార్మినార్ వెళ్లి ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది.

జీపీఎక్స్‌లో రూట్ వేరు, ట్రాక్ వేరు. రూట్‌లో మలుపుల చుక్కలు కొన్నే ఉంటాయి. మధ్య దారిని అందుకున్న పరికరం తానే వెతుక్కుంటుంది. ట్రాక్‌లో దారి పొడవునా చుక్కలుంటాయి. గీసినది గీసినట్టే ఉంటుంది. ఇతరులకు పంపేటప్పుడు ట్రాక్ పంపడమే క్షేమం. లింకుతో వచ్చే ఇబ్బంది కూడా ఇలాంటిదే. గూగుల్ మ్యాప్స్ దారి లింకు పంపితే అవతలివాళ్లు తెరిచిన వేళకు లెక్క కొత్తగా జరుగుతుంది, ట్రాఫిక్‌ను బట్టి దారి మారిపోవచ్చు. ఆదివారం ఉదయం పదిమంది ఒకే లింకుతో బయల్దేరి ఇద్దరు వేరే ఊళ్లో తేలడం ఇలాంటప్పుడే.

ఫోనులో నింపుకోవడం బయల్దేరే ముందు రాత్రే జరగాలి. గూగుల్ మ్యాప్స్‌లో పటాన్ని ఆఫ్‌లైన్‌కు దింపుకున్నా సిగ్నల్ లేనిచోట కారు దారులే చూపుతుంది. నడక, సైకిల్ దారులు చూపదు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్‌ఎమ్‌ఆండ్ అనే యాప్‌లు సిగ్నల్ లేకుండానే ఆ రెండు రకాల దారులూ చూపుతాయి, జీపీఎక్స్ ఫైలునూ తెరుస్తాయి. బ్యాటరీని ఎక్కువగా తాగేది జీపీఎస్ కాదు, వెలిగే తెర. తెర ఆర్పి, మలుపులను చెవిలో వింటూ పోతే ఫోను సాయంత్రం దాకా నిలబడుతుంది.

పంచుకోవడం

దారిని పంచుకోవడానికి అన్నిటికన్నా సులువైన పద్ధతి ఫోనులతో పుట్టినది కాదు. బెల్జియంలో ఒకప్పటి బొగ్గు గనుల ప్రాంతమైన లింబర్గ్‌లో 1995లో సైకిల్ దారుల కూడళ్లన్నిటికీ అంకెలు వేశారు. ప్రతి కూడలి దగ్గర పక్క కూడలికి బాణం గుర్తు ఉంటుంది. నాలుగైదు అంకెలు చీటీ మీద రాసి ఇస్తే దారి ఇచ్చినట్టే. పక్కనున్న నెదర్లాండ్స్ కూడా దీన్ని అందిపుచ్చుకుంది. మనకు ఆ బాణాలు లేవు కనుక వాటి పని మాటలే చేయాలి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన బ్రెవె ప్రయాణాల్లో జీపీఎక్స్‌తో పాటు క్యూ షీట్ అనే మలుపుల చీటీ కూడా ఇవ్వడం అందుకే వాడుకలో ఉంది. ఎన్నో కిలోమీటరు దగ్గర, ఏ గుర్తు చూసి, ఎటు తిరగాలో అందులో వరుసగా ఉంటుంది. మంచి చీటీలో వరుస ఇలా ఉంటుంది: 12.4 దగ్గర రైల్వే గేటు దాటగానే ఎడమకు. 18 నుంచి రెండు కిలోమీటర్లు కంకర. 26 దగ్గర ఊరి బోరింగు, ఆ తర్వాత నీళ్లు లేవు. గీత ఒక్కటే పంపితే ఇందులో మొదటిది తప్ప మరేదీ తెలియదు. దారిని ఏ నెలలో చూశారో కూడా రాయాలి. జనవరిలో దాటిన వంక ఆగస్టులో దాటనివ్వకపోవచ్చు.

తిరిగి వచ్చిన ట్రాక్‌ను బయట పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. దాని మొదటి చుక్క సాధారణంగా సొంత ఇంటి గుమ్మమే, సమయంతో సహా. 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామ యాప్ తన వినియోగదారుల నడకలు, పరుగులు, సైకిల్ ప్రయాణాలన్నీ కలిపి ప్రపంచ పటం విడుదల చేసింది. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి నేథన్ రూసర్ ఆ పటంలో ఎడారుల మధ్య మెరుస్తున్న గీతలను పట్టుకున్నాడు. అవి సైనిక స్థావరాల్లో సిపాయిలు జాగింగ్ చేసిన బాటలు. ఎవరి పేర్లూ లేని పటమే అంత చెప్పగలిగితే పేరున్న ట్రాక్ సంగతి చెప్పనక్కర్లేదు. మొదలు, చివర కొంత దూరం దాచే సెట్టింగ్ దాదాపు ప్రతి యాప్‌లోనూ ఉంది. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఊరందరికీ ట్రాక్ పెట్టే బదులు ఇంట్లో ఒకరికి వాట్సాప్ లైవ్ లొకేషన్ పెట్టుకోవడం మేలు. అది గరిష్ఠంగా 8 గంటలు నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ పెట్టాలి. అత్యవసరానికి 112, జాతీయ రహదారి మీదైతే 1033 గుర్తుంచుకోవాలి.

వెళ్లి వచ్చిన దారిలో పటం చెప్పినదానికీ కంటికి కనిపించినదానికీ తేడా ఉంటే దాన్ని సరిచేసే వీలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అందరికీ ఉంది. పటం గీయడం రానివాళ్లు ఆ చోట ఒక నోటు పెట్టినా చాలు. ఎవరో ఒకరు చూసి దిద్దుతారు. ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ నిలబడిన చోటి గురించే చిన్న ప్రశ్నలు వేస్తుంది: ఈ రోడ్డు తారుదా, మట్టిదా? జవాబు నొక్కితే ఖాళీ గడి నిండుతుంది. ఆ మార్పు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులో నిమిషాల్లో కనిపిస్తుంది. ఆఫ్‌లైన్ యాప్‌లలో మాత్రం పటాన్ని మళ్లీ దింపుకున్నాకే చేరుతుంది.